సాలార్‌జంగ్ మ్యూజియం – వ్రాతప్రతులు, వాటి సూచికలు

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రతి గంటకూ జనం ఒకచోట గుమిగూడుతారు. పాతకాలపు గడియారంలో నుంచి ఒక చిన్న బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం ముందు కూడా అదే సందడి. ఈ మ్యూజియంలోనే వేలకొలది అరబీ, పారశీక, ఉర్దూ వ్రాతప్రతులు ఉన్నవి. వాటి ముందు జనం ఆగటం అరుదు. గడియారం తన సంగతి తానే చెప్పుకుంటుంది. వ్రాతప్రతి సంగతి మాత్రం తెలిసినవారు చెప్పాలి. క్యూరేటరు ప్రధాన బాధ్యత ఇదే.

ఈ సంపదను కూర్చిన నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడవ సాలార్‌జంగ్ (1889–1949), 1912లో నిజాం ప్రభుత్వ దివాన్ అయినారు. 1914లో ఆ పదవిని వదలుకొని, శేష జీవితాన్ని కళాఖండాల, గ్రంథాల సేకరణకు వినియోగించారు. ఆయన అవివాహితులు. 1949 మార్చి 2న ఆయన మరణించినప్పుడు ఈ సేకరణకు వారసులెవరనే ప్రశ్న తలెత్తినది. అది చెల్లాచెదురు కాకుండా నిలవటం గొప్ప అదృష్టం. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించినది. 1968లో అది మూసీ ఒడ్డున ఉన్న నేటి భవనానికి మారినది.

ఒక కుటుంబపు ఆస్తి ఈ విధంగా ప్రజల అమానతు అయినది. అయితే తలుపులు తెరచినంత మాత్రాన అమానతు హక్కుదారులకు చేరినట్లు కాదు. అల్మారాలో ఏ గ్రంథం ఉన్నదో తెలియనప్పుడు, అది ఉండీ లేనట్లే. అందువలన సూచిక తయారు చేయటం అవసరమైనది.

సూచిక అంటే పేర్ల పట్టిక మాత్రమే కాదు. సూచికకర్త ప్రతి గ్రంథాన్నీ మొదటి పుట నుంచి చివరి పుట వరకు పరిశీలిస్తాడు. పుటలెన్ని, పుటకు పంక్తులెన్ని, లిపి నస్ఖా లేక నస్తాలీఖా అని చూస్తాడు. మొదటి పుట చిరిగిపోయి గ్రంథం పేరు తెలియకపోతే, లోపలి వాక్యాలను ఇతర ప్రతులతో పోల్చి గుర్తిస్తాడు. చివర లేఖకుడు వ్రాసిన తర్ఖీమాలో అతని పేరు, వ్రాసిన హిజ్రీ సంవత్సరం దొరకవచ్చు. అంచులలోని ముద్రలు ఆ గ్రంథం ఎవరెవరి చేతులు మారినదో తెలుపుతాయి. ఇంత శ్రమ జరిగిన తరువాత అచ్చులో కనిపించేది కొన్ని పంక్తులే. కాని దూరప్రాంతపు పరిశోధకుడు ఆ కొన్ని పంక్తుల ఆధారంగానే హైదరాబాదుకు ప్రయాణం కడతాడు.

ఈ మ్యూజియం ఉర్దూ వ్రాతప్రతులకు నసీరుద్దీన్ హాష్మీ ఇటువంటి సేవ చేశారు. ఆయన వివరణాత్మక సూచిక 1957లో వెలువడినది. పారశీక ప్రతులకు ముహమ్మద్ అష్రఫ్ ఆంగ్లంలో సంపుటాలు కూర్చారు. వ్రాతప్రతి అల్మారా దాటి అచ్చులోకి వస్తే ఎంత మేలు జరుగుతుందో దక్కనీ సాహిత్యమే తెలుపుతుంది. 1940లో డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గోల్కొండ సుల్తాన్ ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా కుల్లియాత్‌ను సంపాదకత్వం వహించి ప్రచురించారు. ఈ నేల పండుగలు, ఋతువులు, తెలుగు మాటలు ఆ కవిత్వంలో ఎంతగా కలిసిపోయినవో దానివలన పాఠకలోకానికి తెలిసినది.

క్యూరేటరుకు మరొక చిక్కు ఉన్నది. అందరికీ చూపించాలి, కాని చూపిన కొద్దీ వస్తువు అరుగుతుంది. వెలుతురు సిరాను వెలవెలబోయేలా చేస్తుంది. తేమ బూజును, బూజు పురుగును వెంటబెట్టుకొని వస్తుంది. అద్దాల పెట్టెలో తెరచి ఉంచిన ఖుర్ఆన్ ప్రతిలో సందర్శకునికి కనిపించేది రెండు పుటలే. మిగిలిన వందల పుటలు మూసే ఉంటాయి. నేడు ఛాయాచిత్రాలు, డిజిటల్ ప్రతులు ఈ చిక్కును కొంత తీర్చగలవు. మూలప్రతిని తాకకుండానే దానిని చదివే వీలు కలుగుతుంది. అయితే బొమ్మ తీయటంతో పని ముగియదు. సూచిక లేని వేయి ఛాయాచిత్రాలు, సూచిక లేని వేయి గ్రంథాల వంటివే.

ఇక మిగిలినది భాష సంగతి. హాష్మీ సూచిక ఉర్దూ వచ్చినవారికి, అష్రఫ్ సంపుటాలు ఆంగ్లం వచ్చినవారికి ఉపయోగపడతాయి. తెలుగులోనే చదువుకున్న ముస్లిం విద్యార్థికి తన పూర్వుల గ్రంథాలు అద్దం వెనుక అందమైన గీతలుగానే కనిపిస్తే, ఆ లోపం విద్యార్థిది కాదు. ఒక వ్రాతప్రతి పక్కన నాలుగు తెలుగు వాక్యాలు చాలు: ఎవరు వ్రాశారు, ఎక్కడ వ్రాశారు, అందులో ఏమున్నది, ఇక్కడికి ఎలా వచ్చినది. అరబీ, పారశీకం, తెలుగు తెలిసిన విద్వాంసులు మ్యూజియం వృత్తిలోకి వచ్చినప్పుడు ఆ నాలుగు వాక్యాలు సరిగా వ్రాయబడతాయి. నవాబు కూర్చిన సంపద వారి కలం ద్వారా దాని వారసులకు చేరుతుంది.