కాలమునకు వెల, బరువునకు వెల

అంతర్జాలము బల్లమీది కంప్యూటరును, గోడనుండి వచ్చు తీగను నమ్ముకొని పుట్టినది. దానిని తీగలేని చేతిఫోనులోనికి దింపవలెనను సంకల్పముతో 1997లో నోకియా, ఎరిక్‌సన్, మోటరోలా, అన్‌వైర్డ్ ప్లానెట్ సంస్థలు కూడి వ్యాప్ ఫోరమును స్థాపించినవి. 1999లో వెలువడిన నోకియా 7110 ఫోను తెరకు అడ్డముగా 96, నిలువుగా 65 చుక్కలు మాత్రమే; అది ఒక్క విడతలో స్వీకరింపగల పాఠము సుమారు 1,400 బైట్లు. తెలుగు లిపిలో ఒక్కొక్క సంకేతమునకు యూటీఎఫ్-8 పద్ధతిని మూడేసి బైట్లు పట్టును గనుక, ఈ పేరా ఒక్కటియే అందులో చాలభాగము ఆక్రమించును.

ఆ ఇరుకును ఎఱిగియే వ్యాప్ నిర్మాతలు హెచ్‌టీఎంఎల్‌ను విడిచి, డబ్ల్యూఎంఎల్ అను వేఱొక భాషను కల్పించి, పుటను చీటీలుగా ఖండించి, ఆ కట్టకు చీట్లపేక యను అర్థము వచ్చు పేరే పెట్టిరి. నడుమనున్న గేట్‌వే ఆ పాఠమును ద్విసంఖ్యా సంకేతములుగా కుదించి ఫోనునకు పంపుచుండెను. అయినను పాఠకుని విసిగించినది తెర యిరుకు మాత్రమే కాదు. ఆనాటి జీఎస్‌ఎం ఫోను, మాటలాడుటకు వలెనే, అంతర్జాలమునకును కాల్ కలిపి, సెకనుకు 9,600 బిట్ల వేగముతో సమాచారమును తెచ్చుచుండగా, వెల నిమిషముల లెక్కను పడుచుండెను. పుట వచ్చువఱకు నిరీక్షించినందుకును, వచ్చిన పిదప నింపాదిగా చదివినందుకును రుసుము తప్పదు.

జపానులో ఎన్‌టీటీ డొకోమో 1999 ఫిబ్రవరిలో ఆరంభించిన ఐ-మోడ్ సేవయు తొలుత ఇంచుమించు ఆ వేగముతోనే నడచినది. ఆ ఫోనుల తెరలును చిన్నవే. కాని అచ్చట సమాచారము 128 బైట్ల పొట్లములుగా వచ్చుచు, పొట్లమునకు 0.3 యెన్‌ల చొప్పున వెల కట్టబడినది. చదువరి ఎంతసేపు చదివినను కాలమునకు సుంకము లేదు. పైగా దాని భాష హెచ్‌టీఎంఎల్‌నుండి కుదించినదే యగుటచే, పుటలు వ్రాయువారు క్రొత్తగా నేర్వవలసినది స్వల్పము. ఐరోపాలో వ్యాప్ పరిహాసపాత్రము కాగా, జపానులో ఐ-మోడ్ కోట్లాది జనులకు నిత్యకృత్యమైనది.

బరువునకే వెల యను న్యాయము అట్టి పొట్లముల పద్ధతియే యగు జీపీఆర్‌ఎస్‌తో ఇతర దేశములకును ప్రాకినది. 2006లో లోకమంతటను విడుదలయైన ఒపేరా మినీ బ్రౌజరు, ఆ న్యాయమునకు తగిన ఉపాయముగా, పుటను మొదట తన సర్వరునకు తెప్పించుకొని, బరువు తగ్గించి, పిదప ఫోనునకు పంపుచుండెను. తెలుగు ఫాంటు లేని ఫోనులలో మన అక్షరములు వట్టి డబ్బాలుగా కనబడుచుండిన ఆ దినములలో, దాని అమరికల మూలనున్న ఒక ఎంపికను మార్చినచో, సర్వరే అక్షరములను బొమ్మలుగా చిత్రించి పంపెడిది. బొమ్మ అక్షరముకన్న బరువు. బరువు తగ్గించుటకై పుట్టిన బ్రౌజరులోనే, తన లిపిని చూడగోరిన తెలుగు పాఠకుడు అదనపు బరువునకు వెల చెల్లింపవలసి వచ్చినది.