ఇంటర్వ్యూకి వెళ్లిన అమ్మాయి

1968. బొంబాయిలో 'కరెంట్' అనే వారపత్రిక. అందులో పనిచేసే అన్నే పెర్రీ ఇరవై ఏళ్లు దాటీ దాటని ఇంగ్లండు పిల్ల. ఒక స్పెయిన్ ఫాదరీతో మాట్లాడి రమ్మన్నారు. ఆయన్ని దేశం విడిచి పొమ్మని ప్రభుత్వం ఆదేశించింది. మహారాష్ట్రలోని మన్మాడ్ కరవు పల్లెల్లో రైతుల్ని కూడగట్టి బావులు తవ్వించిన మనిషి ఆయన. పేరు విన్సెంట్ ఫెర్రర్, వయసు 48.

నీళ్లు చూసిన రైతులు ఊరుకుంటారా? వేలమంది మన్మాడ్ నుంచి బొంబాయి దారి పట్టారు. వార్త రాయడానికి వెళ్లిన అన్నే ఉద్యోగం వదిలి వాళ్లలో కలిసిపోయింది. చివరికి ఇందిరాగాంధీ కల్పించుకుంది. కొన్నాళ్లు బయటికి వెళ్లి వచ్చిన ఫెర్రర్‌ను 1969లో ఆంధ్రప్రదేశ్ రానిచ్చింది. చేరింది అనంతపురం, వాన ముఖం చూడటమే అరుదైన నేల. వెంట వచ్చిన గుప్పెడు మందిలో అన్నే ఒకరు.

ఇద్దరికీ మధ్య 27 ఏళ్ల తేడా. అతను వేలమంది చేతులెత్తి మొక్కే ఫాదర్, ఆమె కొత్తగా చేరిన కార్యకర్త. ఇలాంటి జంటలో ఎవరి మాట చెల్లుతుందని అడిగి తీరాలి. నాకు జవాబు ఆ సంఘటనల వరసలోనే కనిపించింది. అతను పెళ్లి చేసుకునే వీల్లేని జెసూట్ సంఘపు ఫాదర్‌గా ఉన్నప్పుడే ఆమె ఆ పనిని ఎంచుకుంది. ప్రేమ ఆ తర్వాతి మాట. పెళ్లంటే ఆడపిల్ల పుట్టిల్లూ ఇంటిపేరూ వదులుకోవడమే మనకు తెలుసు. ఇక్కడ అతనూ వదిలాడు. యవ్వనంలో పట్టిన సన్యాస దీక్షను, తన సంఘాన్ని విడిచి, 1970 ఏప్రిల్‌లో అనంతపురంలోనే ఆమెను పెళ్లాడాడు.

ఆ తర్వాత ఆమె 'ఫాదర్ గారి భార్య'గా వెనక వరసలో కూర్చోలేదు. ఇద్దరూ కలిసి నడిపిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ)లో ఆడవాళ్ల సంఘాలు, ఆస్పత్రులు, వికలాంగుల పనులు ఆమె చేతిమీదుగా పెరిగాయి. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లకు నీడ, సలహా చెప్పే చోటు ఏర్పడ్డాయి. భర్త చెయ్యెత్తితే భరించడం కాపురంలో భాగమనుకునే ఊళ్లలో ఇది చిన్న పని కాదు. 2009 జూన్ 19న ఫెర్రర్ కన్నుమూశాక అరవై దాటిన ఆమె ఇంగ్లండుకు మళ్లలేదు. సంస్థను తానే ముందుండి నడిపింది.

ఇక ఈ కథ అనంతపురానికి తెచ్చిన స్పానిష్ భాష సంగతి. 1996లో స్పెయిన్‌లో ఫెర్రర్ పేరిట ఫౌండేషన్ పెట్టాక అక్కడి వేల కుటుంబాలు ఇక్కడి పిల్లల చదువుకు డబ్బు పంపుతూ వచ్చాయి. పిల్లలు తెలుగులో రాసిన జాబులు స్పానిష్‌లోకి మారాలి. వచ్చిన దాతల్ని, వలంటీర్లను పల్లెకు తీసుకెళ్లి మాట కలపాలి. ఆ పని కోసం ఎందరో తెలుగువాళ్లు స్పానిష్ నేర్చుకున్నారు. పేదిళ్ల డిగ్రీ పిల్లలకు ఆ భాష నేర్పి ఉద్యోగానికి పంపే బడి కూడా అనంతపురంలో వెలిసింది. అందులో అమ్మాయిలున్నారన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. సొంత జీతం తెచ్చుకునే కూతుర్ని అడక్కుండా తాంబూలాలు పుచ్చుకోవాలంటే తండ్రి కొంచెమైనా జంకుతాడు.

స్పానిష్ నేర్చుకుంటున్న విశాఖ పిల్లలెవరైనా దాంతో ఏం చేయాలని అడిగితే, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి అనంతపురంలో దిగి ఒకసారి చూసి రమ్మంటాను.