కాపురానికి కాగితాలు

1947లో ముగ్గురు అమెరికన్ మాజీ సైనికులు, ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగవాడు, ప్యారిస్ వెళ్లి ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురు శరణార్థులను పెళ్లాడారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది నెలలకు, 1945 డిసెంబరు 28న, వచ్చిన యుద్ధ వధువుల చట్టం సైన్యంలో పనిచేసినవాళ్ల భార్యలకూ భర్తలకూ కోటాతో నిమిత్తం లేకుండా అమెరికాలోకి దారి ఇచ్చింది. ఈ మూడు జంటలూ ఆ దారినే వచ్చాయి. పెళ్లిళ్లు పద్ధతిగా జరిగాయి, సర్టిఫికెట్లు అసలైనవే. లేనిదల్లా కాపురం. దిగీ దిగగానే ఎవరి దారిన వాళ్లు పోయారు. డబ్బు చేతులు మారిందని ప్రభుత్వం కుట్ర కేసు పెట్టింది. 'లట్‌వాక్' కేసుగా పేరుపడిన ఈ వ్యవహారం 1953లో సుప్రీంకోర్టులో తేలింది. ఫ్రాన్స్ చట్టం ప్రకారం పెళ్లి చెల్లుతుందా లేదా అన్నది మాకు అనవసరం, కలిసి బతకాలన్న ఉద్దేశమే లేనప్పుడు వలస చట్టం దృష్టిలో అది పెళ్లి కాదు అని కోర్టు తేల్చేసింది.

నేడు అమెరికాలో షరతులతో కూడిన గ్రీన్ కార్డు మీదున్న భార్యో భర్తో రెండేళ్లు నిండేముందు కరెంటు బిల్లులూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ ఎందుకు పోగేసుకోవాలో అర్థం కావాలంటే ఈ తీర్పు దగ్గర కాసేపు ఆగాలి. అంతవరకు ప్రధానమైన ప్రశ్న పెళ్లి జరిగిందా లేదా అన్నదే. ఆ తర్వాత ప్రభుత్వం కాపురం సంగతి అడగడం మొదలుపెట్టింది.

పెళ్లి జరిగిందా అన్న పాత ప్రశ్న కూడా తక్కువదేమీ కాదు, మరీ ముఖ్యంగా ఆసియావాళ్లకు. 1882 నాటి చైనీయుల బహిష్కరణ చట్టం కూలీలను ఆపేసింది, వ్యాపారులను వదిలింది. వ్యాపారి భార్య విడిగా ధ్రువపత్రం చూపనక్కరలేదని 1900లో సుప్రీంకోర్టు అంది. కానీ ఆమె నిజంగా ఆయన భార్యే అని నిరూపించాలి కదా. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఏంజెల్ ఐలాండ్ వలస కేంద్రంలో, 1910 నుంచి 1940 వరకు, ఈ నిరూపణ అంతా నోటి మాట మీదే నడిచింది. మొగుడిని ఒక గదిలో, పెళ్లాన్ని ఇంకో గదిలో కూర్చోబెట్టి అవే ప్రశ్నలు వేసేవారు. మీ ఊళ్లో ఇళ్లెన్ని, మీ ఇల్లు ఏ వరసలో ఉంది, బావి ఎటువైపు, పెళ్లినాడు ఎవరెవరు వచ్చారు. జవాబులు కలవకపోతే వెనక్కి వెళ్లే ఓడే గతి. దీనికి భయపడి జనం ప్రశ్నలూ జవాబులూ రాసుకుని, ఓడలో బట్టీపట్టి, ఒడ్డు చేరేలోగా ఆ కాగితాలు సముద్రంలో పారేసేవారు. నిజమైన మొగుడూపెళ్లాలు కూడా బట్టీపట్టక తప్పలేదు. ఎందుకంటే నిజమైన కాపురంలో ఎవరూ ఊళ్లో ఇళ్లు లెక్కపెట్టుకోరు.

జపాన్ అమ్మాయిలది ఇంకో కథ. ఫొటోలు ఇచ్చిపుచ్చుకుని, పెద్దలు మాట్లాడి, వరుడు ఎదురుగా లేకుండానే జపాన్‌లో పెళ్లి నమోదు చేసి ఓడ ఎక్కించేవారు. అలాంటి పెళ్లిని అమెరికా అధికారులు చాలాకాలం లెక్కలోకి తీసుకోలేదు. ఓడ దిగినచోటే మళ్లీ పెళ్లి జరిపించేవారు. తెలుగు పాఠకులకు ఇందులో వింత ఏమీ కనపడదు. అంతకు ముందు తరాల్లో మన వాళ్లు ఎందరో పెళ్లిపీటల మీదే మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. 1920లో జపాన్ ప్రభుత్వమే ఈ వధువులకు పాస్‌పోర్టులు ఆపేసింది. భారతీయుల సంగతికొస్తే, 1917 చట్టంతో మనకు తలుపులు దాదాపు మూసుకుపోయాయి. కాలిఫోర్నియాలో అప్పటికే ఉన్న పంజాబీ రైతులు స్వదేశం నుంచి భార్యలను తెచ్చుకోలేక మెక్సికన్ స్త్రీలను చేసుకున్నారు. 1946లో ఏడాదికి వంద మందికి అనుమతి వచ్చింది. 1965 చట్టం జాతీయ కోటాలను ఎత్తేసింది.

దొంగ పెళ్లి మీద ప్రత్యేకంగా వచ్చిన తొలి చట్టం 1937 నాటిది. వీసా కోసం పెళ్లాడి, ఆ పెళ్లి మోసమని రద్దయితే, వచ్చినవాళ్లను పంపేయొచ్చన్నది దాని సారాంశం. అది ఎక్కువగా మోసపోయిన అమెరికన్ స్త్రీలను దృష్టిలో పెట్టుకుని చేసింది. అందుకే దానికి 'జిగలో యాక్ట్' అని ఎగతాళి పేరు పడింది; జిగలో అంటే ఆడవాళ్ల సొమ్ము మీద బతికే మగవాడు.

లట్‌వాక్ తర్వాత కోర్టులు తమ నెత్తిన తామే ఒక చిక్కు తెచ్చిపెట్టుకున్నాయి. చూడాల్సింది పెళ్లినాటి ఉద్దేశాన్ని. కానీ ఉద్దేశం ఎక్కడ కనపడుతుంది? తర్వాత ఎలా బతికారో చూసి, వెనక్కి ఊహించడం తప్ప మార్గం లేదు. 1975లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ముందుకు 'బార్క్' కేసు వచ్చింది. కొరియాలో ఏళ్ల తరబడి ప్రేమించుకున్న జంట. అమెరికాలో పెళ్లి చేసుకున్నారు, తగాదా పడ్డారు, విడిపోయారు. విడిపోయారు కాబట్టి దొంగ పెళ్లే అని వలస శాఖ లెక్క కట్టింది. కోర్టు ఒప్పుకోలేదు. పౌరుల కాపురాలకంటే పరాయి దేశస్థుల కాపురాలు చక్కగా సాగి తీరాలని అడిగే హక్కు మీకు లేదంది. పెళ్లినాడు కలిసి బతుకుదామనుకున్నారా లేదా, అదొక్కటే చూడమంది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ఇంత ఇంగితం ఉన్న తీర్పు ఇంకోటి లేదు. 1976లో న్యూయార్క్‌లో 'స్టోక్స్' కేసు రాజీతో భార్యాభర్తల విడివిడి ఇంటర్వ్యూలకు పద్ధతి ఏర్పడింది. వకీలు పక్కన ఉండొచ్చు, సంభాషణ రికార్డవుతుంది. గదులు మళ్లీ రెండయ్యాయి, ఏంజెల్ ఐలాండ్‌లో లేని హక్కులు కొన్ని తోడయ్యాయి. 1983లో వలస అప్పీళ్ల బోర్డు 'లౌరియానో' కేసులో, ఉద్దేశానికి రుజువుగా ఏమేం చూపొచ్చో ఉదాహరణలిచ్చింది. ఇన్సూరెన్స్ పాలసీలు, అద్దె ఒప్పందం, ఆదాయపు పన్ను పత్రాలు, బ్యాంకు ఖాతాలు, పరిచయం నుంచి పెళ్లిదాకా జరిగినదాని మీద సాక్ష్యం. ఇప్పటికీ జంటలు పంపే ఫైలులో ఉండేవి ఇంచుమించు అవే.

1985లో వలస శాఖ అధికారులు సెనేట్ ఉపసంఘం ముందు ఒక అంకె పెట్టారు: పెళ్లి మీద వచ్చే అర్జీల్లో 30 శాతం మోసమని. అది పత్రికలకెక్కింది, చట్టానికి ఊపిరైంది. ఆ సర్వే చూసినవి కొద్దిపాటి ఫైళ్లు, లెక్కించింది రుజువైన మోసాన్ని కాదు, అనుమానాన్ని. దానికి గణాంక విలువ లేదని తర్వాతి రోజుల్లో వ్యాజ్యం నడుస్తుండగా ఆ శాఖే ఒప్పుకుంది. ఒప్పుకునేసరికి చట్టం అమల్లో ఉంది. 1986 నవంబరు 10న రీగన్ సంతకం చేసిన వలస వివాహ మోసాల సవరణ చట్టంతో షరతుల గ్రీన్ కార్డు పుట్టింది. స్థిర నివాసం దక్కేనాటికి పెళ్లికి రెండేళ్లు నిండకపోతే కార్డు రెండేళ్లకే. ఆ గడువు తీరేముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి సంతకం చేసి అర్జీ పెట్టాలి. అదే ఐ-751 ఫారం. పెట్టకపోతే హోదా దానంతటదే రద్దు. తెలిసి దొంగ పెళ్లి చేసుకుంటే ఐదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా.

ఇక్కడ మన వాళ్లకు ఒక స్పష్టత కావాలి. భర్త ఉద్యోగం మీద గ్రీన్ కార్డు వస్తే, దానితో పాటు వచ్చే భార్య కార్డుకు ఈ షరతు ఉండదు. షరతు ఎదురయ్యేది పౌరులనో, ఇప్పటికే గ్రీన్ కార్డున్నవాళ్లనో కొత్తగా చేసుకుని వెళ్లేవాళ్లకు. అంటే అక్కడ పుట్టి పెరిగిన తెలుగు అబ్బాయికి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో సంబంధం కుదిరితే ఆ అమ్మాయికి. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉన్నా వలస వీసా ఇంటర్వ్యూకు ఆమె ముంబై వెళ్లొస్తుంది.

ఆమె దగ్గర పెళ్లికి సాక్ష్యం కొల్లలు. శుభలేఖ ఉంది, ఫంక్షన్ హాలు రసీదు ఉంది, జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా కరిజ్మా ఆల్బమ్ ఉంది, వీడియో ఉంది. సర్టిఫికెట్ మాత్రం మన దగ్గర చాలాకాలం అంత తప్పనిసరి కాదు. 1955 హిందూ వివాహ చట్టం ఆచారం ప్రకారం తంతు జరిగితే చాలంది, రిజిస్ట్రేషన్‌ను ఐచ్ఛికంగా వదిలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో తప్పనిసరి నమోదు చట్టం తెచ్చింది. 2006లో సీమా కేసులో సుప్రీంకోర్టు దేశమంతటా నమోదు చేయాలని చెప్పింది. వీసా అవసరమే మన జంటల్లో చాలామందిని రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కించిందని నా అనుమానం.

అయితే ఐ-751 ఫైలులో ఈ ఆల్బమ్ బరువు తక్కువ. వెయ్యిమంది చుట్టాల మధ్య ఒక్క రోజు తీసిన ఫొటోలు ఆ ఒక్క రోజు సంగతే చెబుతాయి. అధికారికి కావాల్సినవి రెండేళ్ల పొడుగునా అక్కడొకటి ఇక్కడొకటి తీసిన మామూలు ఫొటోలు. సంక్రాంతికి ఇంట్లో, ఎవరి పిల్లాడి పుట్టినరోజుకో, అత్తమామలతో గుళ్లో. కింద తేదీ, చోటు, పక్కనున్నవాళ్లెవరో రాసి పెట్టాలి. నిబంధనలు పేరు పెట్టి చెప్పినవి వేరే ఉన్నాయి: ఉమ్మడి ఆస్తి, ఇద్దరి పేర్లున్న లీజు, కలగలిసిన డబ్బు లావాదేవీలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఈ కాపురాన్ని ఎరిగినవాళ్ల అఫిడవిట్లు.

మన కుటుంబాల్లో ఇవి దొరకడం ఎంత కష్టమో చూడండి. కొత్త కోడలు అత్తగారింట్లో ఉంటుంది. ఇల్లు మామగారి పేరున, కరెంటు ఆయన పేరున, ఇంటర్నెట్ మరిది పేరున. లీజే లేదు. కారు ఇన్సూరెన్సులో ఆమె పేరు ఇంకా చేరలేదు, ఎందుకంటే లైసెన్సు రాలేదు. బ్యాంకులో జాయింట్ ఖాతా ఉంటుంది కానీ జీతం పడేది అబ్బాయి పాత ఖాతాలో. కొత్త ఖాతాలో తెరిచిన నాటి డాలర్లు తప్ప కదలిక ఉండదు. అలాంటి ఖాతా చూపితే అనుమానం పెరుగుతుంది కూడా. అనుభవమున్న వకీళ్లు మొదటి నెలలోనే చెప్పేది ఇదే: సరుకుల ఖర్చు ఆ ఖాతాలోంచి పోనివ్వండి, పన్ను రిటర్ను ఇద్దరూ కలిపి వేయండి, ఉద్యోగంలో 401కే పదవీ విరమణ ఖాతాకు నామినీగా భార్య పేరు రాయండి, ఆరోగ్య బీమాలో చేర్చండి. మామగారు, వీళ్లు మా ఇంట్లోనే ఉంటున్నారని నోటరీ చేయించిన లేఖ ఇస్తారు. స్నేహితుల అఫిడవిట్లలో మన వాళ్లు ఎంతో మర్యాదగా, వీరిది అన్యోన్య దాంపత్యం, ఆదర్శ జంట అని రాసేస్తారు. దాని వల్ల ఒరిగేది శూన్యం. ఫలానా నెలలో మా ఇంటికి భోజనానికొచ్చారు, ఫలానా రోజు ఆమెకు ఒంట్లో బాగోలేక ఆయనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు అని రాస్తే పనికొస్తుంది.

పరిచయం లేని పెళ్లిళ్లను ఈ చట్టం అసలు ఎరగదనుకుంటే పొరపాటు. 1986 చట్టమే కాబోయే జంట అంతకు ముందు రెండేళ్లలో ఒక్కసారైనా ముఖాముఖి కలిసి ఉండాలని ఫియాన్సీ వీసాకు నియమం పెట్టింది. పెద్దలే సంబంధం కుదిర్చి, పెళ్లికి ముందు కలవనివ్వని ఆచారం ఉంటే దాన్నుంచి మినహాయింపు ఉంది. కాపురపు రుజువులకు మాత్రం అలాంటి మినహాయింపు లేదు. ఆ పట్టికలో ఉన్నది అమెరికన్ మధ్యతరగతి జంట జీవితం, ఇద్దరే ఉండే ఇల్లు, ఇద్దరి పేర్లున్న అప్పు.

అసలు చిక్కు మరోచోట పడింది. ఇద్దరి సంతకం కావాలంటే, కొట్టే మొగుడి చేతిలోనూ సంతకం ఉన్నట్టే. 1986 చట్టంలో విడాకుల మినహాయింపు, విదేశీ భార్య తగిన కారణంతో తానే పెళ్లిని ముగిస్తేనే. భర్త ముందు కోర్టుకెళ్తే ఆమెకు ఏమీ లేదు. పంపించేస్తానన్న బెదిరింపు ఇంట్లో ఆయుధమైంది. 1990 చట్టం ఆ నిబంధన తీసేసి, హింసకు గురైనవాళ్లు ఒంటరిగా అర్జీ పెట్టుకునే దారి ఇచ్చింది. 1994 నాటి స్త్రీలపై హింస నిరోధక చట్టం, నమ్మదగిన ఏ సాక్ష్యమైనా పరిశీలించాలని చెప్పింది. అయినా మంచి మనసుతోనే పెళ్లాడానని ఆమె చూపాలి. బ్యాంకు కాగితాలన్నీ భర్త బీరువాలో ఉన్న భార్యకు ఇది ఎంత తేలికో ఊహించుకోవచ్చు. మన తెలుగు ఆడపిల్లలు కొందరు పాస్‌పోర్టు కూడా చేతిలో లేకుండా బయటికొస్తారు. పోలీసు రిపోర్టు, డాక్టరు నోటు, అక్కకు పంపిన వాట్సాప్ సందేశాలు, షెల్టర్ నుంచి ఉత్తరం, ఇవే వాళ్ల ఫైలు.

1990లోనే ఒక తీర్పు కూడా వచ్చింది. బహిష్కరణ విచారణ నడుస్తుండగా పెళ్లాడితే రెండేళ్లు దేశం బయట ఉండి రావాలన్న నిబంధనను నార్త్ కరొలినా ఫెడరల్ కోర్టు 'మన్వానీ' కేసులో కొట్టేసింది. అదే ఏడాది కాంగ్రెస్ కూడా దాన్ని సడలించింది. ఆ ఏడాదే పీటర్ వీర్ 'గ్రీన్ కార్డ్' సినిమా విడుదలైంది. దొంగ మొగుడూపెళ్లాలు ఇంటర్వ్యూ కోసం ఒకరి అలవాట్లు ఒకరు బట్టీపట్టడం అందులో హాస్యం. ఏంజెల్ ఐలాండ్ చరిత్ర తెలిసినవాళ్లకు ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు. స్వలింగ దంపతులకు ఈ ఫారం ముట్టుకునే హక్కే 2013 జూన్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన విండ్సర్ తీర్పు తర్వాత గానీ దక్కలేదు.

ఇప్పుడు వీళ్లందరికీ ఉమ్మడి సమస్య ఆలస్యం. అర్జీ అందిందని వచ్చే రసీదు ఉత్తరమే కార్డు గడువును పొడిగిస్తుంది. ఒకప్పుడు ఆ పొడిగింపు ఏడాది. 2018లో 18 నెలలైంది, 2021లో 24, 2023 జనవరిలో 48. రెండేళ్ల షరతు తొలగించే అర్జీకి నాలుగేళ్ల పొడిగింపు! 2024 ఏప్రిల్ నుంచి రుసుము 750 డాలర్లు. ఈలోగా పౌరుడి భార్యకు మూడేళ్లు నిండి పౌరసత్వానికి అర్హత వస్తుంది. అప్పుడు రెండు అర్జీలూ ఒకే అధికారి ముందుకు, ఒకే రోజు రావడం మామూలైంది. ఆ రోజుకు అసలు ఫైలులోని లీజూ స్టేట్‌మెంట్లూ పాతబడి ఉంటాయి కాబట్టి, గడిచిన ఏళ్ల పన్ను ట్రాన్స్‌క్రిప్టులు, కొత్త ఇంటి కాగితాలు, పిల్లలుంటే జనన ధ్రువపత్రాలు మళ్లీ పట్టుకుని వెళ్లాలి.