సరిహద్దు లేని పర్వతం, సరిహద్దుల నడుమ చిత్రకారుడు: నికొలస్ రోరిక్ హిమాలయ చిత్రాలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ (1874–1947) తన జీవితంలోని చివరి పాతికేళ్లలో ప్రధానంగా హిమాలయాలను, మధ్యాసియా పర్వతాలను చిత్రించారు. ఈ చిత్రాలను ఆధ్యాత్మిక ప్రతీకలుగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఆ వ్యాఖ్యానం అసత్యం కాదు గానీ అసంపూర్ణం. స్వదేశానికి దూరమై, వలస ప్రభుత్వాల అనుమానానికి గురై, అనుమతి పత్రాల కోసం నిరీక్షించిన వ్యక్తి గీసిన పర్వతాలివి. ఆ చరిత్రను చిత్రాల పక్కన ఉంచి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రోరిక్, హిమాలయాలు, ప్రకృతి దృశ్య చిత్రణ, ప్రవాసం, టెంపెరా, నగ్గర్.

1. ప్రవేశిక:
ప్రకృతి దృశ్య చిత్రం చరిత్రకు అతీతమైనదన్న భావన ఒకటి బలంగా ఉంది. అందులోనూ పర్వత చిత్రం మరింత కాలాతీతంగా కనిపిస్తుంది. రాజ్యాలు మారినా శిఖరం మారదు కదా అన్నది ఆ భావనకు ఆధారం. అయితే శిఖరాన్ని చూడడానికి ఒక చోటు కావాలి. ఆ చోటికి చేరడానికి దారి కావాలి, దారికి అనుమతి కావాలి. రోరిక్ విషయంలో ఈ మూడూ ఇరవయ్యో శతాబ్ది రాజకీయాలతో ముడిపడి ఉన్నాయి. కనుక ఆయన చిత్రాల్లోని నిశ్శబ్దాన్ని అర్థం చేసుకోవాలంటే ఆయన నడిచిన దారులను కూడా పరిశీలించాలి.

2. పర్వతాలకు ముందు:
రోరిక్ 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించారు. విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, కళా అకాడమీలో చిత్రకళ ఏకకాలంలో అభ్యసించారు. ఆయన గురువు అర్ఖిప్ కుయింజీ వెన్నెలను, సంధ్యాకాంతిని చిత్రించడంలో ప్రసిద్ధుడు. వస్తువుల వివరాలను తగ్గించి, కాంతినే ప్రధానం చేసే పద్ధతి రోరిక్‌కు అక్కడే అలవడింది. యౌవనంలో పురాతన సమాధి దిబ్బల తవ్వకాల్లో పాల్గొనడం, 1903–04లో పాత రష్యన్ పట్టణాలు తిరిగి కోటలను, ఆలయాలను చిత్రించడం ఆయనను చారిత్రక కట్టడాల పరిరక్షణ వైపు నడిపించాయి. 1913లో స్ట్రావిన్‌స్కీ నృత్యనాటకం ‘వసంతారాధన’కు రంగాలంకరణ, దుస్తులు రూపొందించి యూరప్‌లో పేరు పొందారు.

ఊపిరితిత్తుల వ్యాధి కారణంగా 1916 చివర ఆయన కుటుంబంతో లడోగా సరస్సు తీరంలోని సెర్దోబోల్‌కు వెళ్లారు. అప్పటికి అది రష్యా సామ్రాజ్యంలోని భాగమే. 1917 డిసెంబరులో ఫిన్లాండ్ స్వతంత్రం ప్రకటించుకోవడంతో ఆ ఊరు పరదేశమైంది. ఆయన ఉన్నచోటనే ఉండగా సరిహద్దు వచ్చి మధ్యన నిలిచింది. ఆ తరువాత స్వీడన్, ఇంగ్లండ్, 1920లో అమెరికా. 1923 డిసెంబరులో ఆయన భారతదేశం చేరేనాటికి స్వదేశం వెనక ఉండిపోయింది.

3. చిత్రణ పద్ధతి:
డార్జిలింగ్‌లో కాంచనగంగ ఎదుట రోరిక్ పర్వత చిత్రణ కొత్త దశలో ప్రవేశించింది. 1924లో గీసిన ‘ఆయన దేశం’ చిత్రమాలికలో మంచు శిఖరాలు వెనక తెరలుగా కాక, కథలోని పాత్రలుగా నిలిచాయి. ఈ మాలికలోని ‘గుర్తుంచుకో’ అనే చిత్రంలో ప్రయాణానికి బయలుదేరిన ఆశ్వికుడు వెనుదిరిగి తన ఇంటివైపు చూస్తాడు. వెనక నీలి పర్వతాలు. ప్రవాసి గీసిన చిత్రంగా దీన్ని చూసినప్పుడు, ఆ వెనుచూపు కేవలం ఆధ్యాత్మిక సంకేతం కాదని స్పష్టమవుతుంది.

రోరిక్ 1900ల నాటికే తైలవర్ణాల నుంచి టెంపెరాకు మళ్లారు. రంగుపొడిని గుడ్డుసొన లేదా జిగురు వంటి నీటిలో కలిసే బంధకంతో కలిపి వాడే ఈ పద్ధతిలో రంగు త్వరగా ఆరుతుంది, ఉపరితలం మెరవదు. తడి రంగులను ఒకదానిలో ఒకటి కలిపి మసకబారే ఛాయలు తేవడం కష్టం. అందుకే రోరిక్ పర్వతాలు స్పష్టమైన అంచులున్న సమతల వర్ణఖండాలుగా, ఒకదాని వెనక ఒకటి పేర్చిన శ్రేణులుగా కనిపిస్తాయి. హిమాలయ చిత్రాల్లో అనేకం సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు, 46 సెంటీమీటర్ల వెడల్పు గల చిన్న అట్టలపై గీసినవి. ప్రయాణంలో మోసుకుపోవడానికి అనువైన పరిమాణమిది. ఒకే శిఖరాన్ని వేర్వేరు వేళల్లో పదేపదే గీయడం వల్ల ఇవి ప్రతీకలతోపాటు పరిశీలన పత్రాలు కూడా అయ్యాయి.

4. దారి పొడవునా సరిహద్దులు:
1925లో మొదలైన మధ్యాసియా యాత్ర కశ్మీర్, లడఖ్ మీదుగా కారకోరం దాటి ఖోతాన్, కాష్గర్, ఉరుంచి, ఆల్తాయ్, మంగోలియాల గుండా సాగింది. 1926లో రోరిక్ మాస్కో వెళ్లి, హిమాలయ మహాత్ములదిగా చెప్పిన సందేశాన్ని సోవియట్ నాయకత్వానికి అందజేశారు. అప్పటి నుంచి బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను మరింత అనుమానించింది. యాత్ర టిబెట్‌లో ప్రవేశించాక, 1927 అక్టోబరులో చాంగ్‌తాంగ్ పీఠభూమిపై బృందాన్ని ఆపివేశారు. ఈ నిర్బంధం వెనక సిక్కింలోని బ్రిటిష్ రాజకీయాధికారి ఎఫ్.ఎం. బెయిలీ ప్రమేయాన్ని చరిత్రకారులు చర్చించారు. వేసవి గుడారాల్లో, తీవ్రమైన చలిలో దాదాపు ఐదు నెలలు గడిచాయి. ఐదుగురు మరణించారు, సామాను మోసే జంతువుల్లో అధికభాగం చనిపోయింది. 1928 మార్చిలో కదిలేందుకు అనుమతి వచ్చినా లాసా దారి మాత్రం తెరుచుకోలేదు.

యాత్రాకాలంలో గీసిన చిత్రాలు సుమారు 500 ఉంటాయని అంచనా. వీటిలో మఠాలు, స్తూపాలు, గుహలు, ఒంటరి ఆశ్వికులు ఉన్నారు. కాపలా చౌకీలు, తిరస్కరణ పత్రాలు, మోతగాళ్ల శ్రమ ప్రధాన వస్తువులు కాలేదు. 1925 నాటి ‘ప్రాచ్య పతాకాలు’ మాలికలో బుద్ధుడు, మోషే, మహమ్మదు ప్రవక్త, కన్ఫ్యూషియస్ వంటి వేర్వేరు మత మార్గదర్శకులను ఒకే వరుసలో నిలిపారు. కనుక సరిహద్దు లేకపోవడం ఈ చిత్రాల్లో యాదృచ్ఛికం కాదు, ఎంపిక.

ఈ ఎంపికను పూర్తిగా నిష్కల్మషమైనదిగా భావించడమూ తగదు. శంభల భావన ఆధారంగా ఆసియాలో ఒక బౌద్ధ సమాఖ్యను రోరిక్ దంపతులు ఊహించారని కొందరు పరిశోధకులు నిరూపించే ప్రయత్నం చేశారు. సరిహద్దులను చెరిపే చిత్రం కొత్త సరిహద్దులను కోరే రాజకీయానికి కూడా తోడు కాగలదు. అధికారుల అనుమానం అతిగా ఉండవచ్చు. నిరాధారమని మాత్రం చెప్పలేము.

5. నగ్గర్:
1928లో రోరిక్ కుటుంబం కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడి ‘ఉరుస్వతి’ హిమాలయ పరిశోధన సంస్థను నడిపింది. ఆ స్థిరత్వం కూడా సులభంగా దక్కలేదు. అమెరికా వెళ్లిన రోరిక్‌కు 1930లో తిరుగు ప్రయాణానికి బ్రిటిష్ వీసా నిరాకరించారు. ఆయన ఫ్రెంచి పాలనలోని పుదుచ్చేరికి చేరి, అక్కడి నుంచి ప్రయత్నించి, భార్య హెలెనా అనారోగ్యం కారణంగా ఆ ఏడాది చివర అనుమతి పొందగలిగారు.

నగ్గర్‌లో ఆయన దృష్టి స్థానికతవైపు మళ్లింది. ఇంటి ఆవరణలోని చెట్టుకింద ఉన్న గుగా చౌహాన్ రాతి విగ్రహాన్ని 1931లో చిత్రించారు. ఇక్కడి పర్వతం ఊహాలోకపు శంభల కాదు. గ్రామస్థులు పూజించే దైవం నిలిచిన నేల.

కట్టడాల పరిరక్షణపై తొలినాటి ఆసక్తి 1935 ఏప్రిల్ 15న అంతర్జాతీయ రూపం పొందింది. యుద్ధంలోనూ శాంతిలోనూ సాంస్కృతిక సంపదను కాపాడాలన్న రోరిక్ ఒడంబడికపై వాషింగ్టన్‌లో అమెరికా ఖండాలకు చెందిన 21 దేశాలు సంతకాలు చేశాయి. అదే ఏడాది మంచూరియా యాత్ర వివాదాస్పదమై, అమెరికాలో ఆయన ప్రతిష్ఠ కూలింది. ఆ తరువాత ఆయన అక్కడికి వెళ్లలేదు. 1942లో నెహ్రూ, ఇందిర నగ్గర్ వచ్చారు. చివరి కాలంలో స్వదేశానికి మరలాలని రోరిక్ చేసిన ప్రయత్నం ఫలించకముందే, 1947 డిసెంబరు 13న నగ్గర్‌లో కన్నుమూశారు. 1945లో ఆయన కుమారుడు, చిత్రకారుడు స్వెతొస్లావ్‌ను వివాహమాడిన నటి దేవికారాణి విశాఖపట్నంలోని వాల్తేరులో జన్మించినవారు.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, రోరిక్ పర్వతాల సమతల కాంతికి ఆధ్యాత్మిక భావంతోపాటు టెంపెరా స్వభావం, చిన్న అట్టల పరిమాణం కూడా కారణాలు. రెండవది, చిత్రంలో సరిహద్దు లేకపోవడం సరిహద్దుల వల్ల బాధపడిన వ్యక్తి ఎంపిక. అయితే ఆ ఎంపికకు తనదైన రాజకీయం ఉంది. మూడవది, చాంగ్‌తాంగ్ మంచులో మరణించినవారి చరిత్రను ఆ శిఖరాల సౌందర్యం నుంచి విడదీయరాదు. రోరిక్ చిత్రాలపై ముందుముందు జరిగే అధ్యయనాలు చిత్రం పేరు, తేదీలతో పాటు ఆ రోజు చిత్రకారుడు ఏ సరిహద్దు దగ్గర, ఎవరి అనుమతి కోసం నిలిచి ఉన్నారో కూడా నమోదు చేయవలసి ఉంది.