మోచేతి వాద్యానికి పెద్దదిక్కు



1970 సెప్టెంబరు 20వ తేదీ. ఐర్లండు దేశంలో వాయవ్య మూలన స్లైగో అనే జిల్లా ఉంది. అక్కడ రివర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో సంగీత పోటీలు జరుగుతున్నాయి. వాటికి న్యాయనిర్ణేతగా డబ్లిన్ నగరం నుంచి వచ్చిన అరవై ఏడేళ్ళ పెద్దాయన ఆ ఊళ్ళోనే హఠాత్తుగా కన్నుమూశారు. ఆయన పేరు లియో రౌసమ్. 'పైపర్ల రాజు' అని ఆ దేశంలో ఆయనకు పేరు.

అంతటి విద్వాంసుడు పోతే జనం దుఃఖించడంలో వింతేముంది అంటారేమో. విద్వాంసుడు పోయినా రికార్డుల్లో ఆయన వాయిద్యం కొంతైనా మిగులుతుంది. కానీ రౌసమ్‌గారు వాయించేవారు మాత్రమే కాదు, ఆ వాద్యాన్ని తన చేతులతో తయారుచేసేవారు. చేసేవాడే పోతే రేపు నేర్చుకోబోయే పిల్లవాడి చేతిలో ఏం పెడతాం? ఆ దుఃఖం వెనక ఈ ప్రశ్న ఉందన్నమాట.

బ్యాగ్‌పైపు అనగానే మనకు మిలిటరీ బ్యాండు గుర్తొస్తుంది. బుగ్గలు పూరించి ఊదుతూ, నడుస్తూ వాయిస్తారే, అది స్కాట్లండువారిది. ఐర్లండు వాద్యం తీరే వేరు. దీన్ని నోటితో ఊదరు. కుర్చీలో కూర్చుని వాయిస్తారు. ఒక మోచేతి కింద చిన్న తిత్తి ఉంటుంది, మన కమ్మరి కొలిమితిత్తికి చెల్లెలనుకోండి. దాన్ని మోచేత్తో నొక్కుతూ ఉంటే గాలి రెండో చంకలో ఉన్న తోలుసంచిలోకి పోతుంది. అందుకే దీన్ని 'ఇల్లిన్ పైపులు' అంటారు. వాళ్ళ భాషలో ఇల్లిన్ అంటే మోచేయి అని అర్థం.

ఆ సంచికి ఏడు గొట్టాలు. ఒకటి వేళ్ళతో వాయించే గొట్టం, దాన్ని చాంటరు అంటారు. మూడు గొట్టాలు ఆగకుండా శ్రుతి పడుతూ ఉంటాయి. మన వీధి భాగవతాల్లో శ్రుతికి తిత్తి పట్టేవారు చూశారా, ఆ పనే. తక్కిన మూడింటికీ మీటలుంటాయి. వేళ్ళు పాట వాయిస్తూండగానే మణికట్టుతో ఆ మీటలు నొక్కి తోడు స్వరాలు పలికిస్తారు. ఒక్క మనిషి ఒళ్ళో చిన్న కచ్చేరీయే కదూ!

ఇక దాన్ని తయారుచేయడం మాట చూడండి. నల్లని గట్టి కర్రను తరిణె పట్టి, లోపలి రంధ్రం ఒక చివర సన్నంగా, రెండో చివర వెడల్పుగా తొలవాలి. ఆ తొలవడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా కింది స్థాయి బాగానే పలికి, పై స్థాయి అపస్వరం పలుకుతుంది. ప్రతి గొట్టానికీ లోపల ఒక రీడు ఉంటుంది, మన సన్నాయి పీకలాంటిది. దాన్ని రెల్లుజాతి గడకర్రతో చెక్కుతారు. పల్చనైతే కీచుమంటుంది, మందమైతే మూగబోతుంది. గాలిలో తడి తగ్గినా పెరిగినా దాని గుణం మారిపోతుంది. తేమగల ఐర్లండులో చక్కగా పలికిన రీడు పొడి దేశానికి వెళితే మొండికేస్తుంది. కాబట్టి ఈ వాద్యాన్ని కొని తెచ్చుకుంటే సరిపోదు. పురిటిబిడ్డకు మంత్రసాని ఉన్నట్టు దీనికి తయారుచేసిన మనిషి అందుబాటులో ఉండాలి.

అటువంటి మనుషులు ఐర్లండులో ఎందుకు కరువయ్యారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1845లో అక్కడ బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. పేదలకు అదే తిండి. నాలుగైదేళ్ళ కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. పది లక్షలకు పైగా దేశం విడిచి ఓడలెక్కారు. వాయించేవాడూ పోయాడు, పిలిచి వాయింపించుకునేవాడూ పోయాడు. వాద్యాలు చేసేవారిలో కొందరు అమెరికా చేరారు. ద్రోహెడా ఊరి నుంచి వెళ్ళిన టేలర్లు ఫిలడెల్ఫియాలో స్థిరపడి, పెద్ద హాళ్ళలోనూ వినపడేటట్టు గట్టి నాదం గల పైపులు చేశారు. పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి సొంతగడ్డ మీద ఈ విద్య కొన ఊపిరితో ఉంది.

ఆ ఊపిరి నిలబెట్టిన కొద్ది కుటుంబాల్లో రౌసమ్‌వారిది ఒకటి. తాత శామ్యూల్ వెక్స్‌ఫర్డ్ జిల్లా ఫెర్న్స్ దగ్గర ఉండే పైపరు. తండ్రి విలియం డబ్లిన్ చేరి పైపులు చేయడం, బాగుచేయడం వృత్తిగా పెట్టుకున్నారు. లియో 1903లో పుట్టారు. వాయించడం, తయారుచేయడం రెండూ తండ్రి దగ్గరే నేర్చారు. 1919లో, పదహారేళ్ళ వయసులో, డబ్లిన్ మునిసిపల్ సంగీత పాఠశాలలో పైపులు నేర్పే గురువయ్యారు. మీసకట్టు సరిగా రాని వయసు! అక్కడే యాభై ఏళ్ళు నేర్పారు.

1926లో ఐర్లండులో రేడియో మొదలైంది. తొలి రోజుల్లోనే ఆయన పైపులు రేడియోలో మోగాయి. నలుగురు పైపర్లను కూర్చి ఒక బృందం కూడా నడిపారు. 1936లో, నేర్చుకునేవారి కోసం ఒక పాఠ్యపుస్తకం అచ్చువేయించారు. మూతపడిన డబ్లిన్ పైపర్ల క్లబ్బును అదే సంవత్సరం మళ్ళీ తెరిపించడంలో ఆయనదే పెద్దచేయి. 1959లో క్లాడా అనే రికార్డుల సంస్థ తన మొట్టమొదటి రికార్డుగా ఆయన వాయిద్యాన్నే విడుదల చేసింది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన శిష్యులు ఒక ఎత్తు. తర్వాత 'చీఫ్‌టన్స్' బృందంతో లోకమంతా తిరిగిన పాడీ మలోనీ చిన్నప్పుడు ఆయన దగ్గర కూర్చున్నవాడే. లియామ్ ఓఫ్లిన్ కూడా అంతే. వృత్తి రహస్యాన్ని కొడుకుకు తప్ప చెప్పని పనివాళ్ళు ఏ దేశంలోనైనా ఉంటారు. రౌసమ్‌గారు మాత్రం వచ్చిన పిల్లలందరికీ విద్య నేర్పారు. పైపరు కావడానికి ఇరవై ఒక్క ఏళ్ళు పడుతుందని వాళ్ళలో ఒక సామెత ఉంది: నేర్వడానికి ఏడు, సాధనకు ఏడు, వాయించడానికి ఏడు. అంత ఓర్పు శిష్యుడికి ఉండాలంటే గురువుకు అంతకు రెట్టింపు ఉండాలి కదా.

1968లో పైపర్లంతా బెట్టీస్‌టౌన్‌లో కలిసి తమకొక సంఘం పెట్టుకున్నారు. అప్పటికి ఈ వాద్యం వాయించేవారు వందమందికి లోపేనని అంచనా. రెండేళ్ళకే రౌసమ్‌గారు పోయారు. ఆ ఇంటి దూలం విరిగినట్టే అనిపించి ఉంటుంది.

కానీ ఇల్లు కూలలేదు. ఆ సంఘం వాయించడంతోపాటు రీడు చెక్కడం కూడా నేర్పించింది. ఒక మనిషి వేళ్ళలో ఉన్న నేర్పు పదిమందికి పంచితేనే బతుకుతుందని వాళ్ళకు అర్థమైంది. ఈనాడు ఈ వాద్యం వాయించేవారు అనేక దేశాల్లో వేలల్లో ఉన్నారు. రౌసమ్ కుటుంబంలో ఐదో తరమూ పైపులు పట్టింది. 2017లో యునెస్కో ఈ విద్యను మానవాళి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది.

ఆయన చేసిన పైపులు ఇప్పటికీ మోగుతున్నాయి. రీడు అరిగితే వేరొకరు కొత్తది చెక్కుతారు, సంచి చిరిగితే వేరొకరు కుడతారు. కర్ర మాత్రం ఆయన తొలిచినదే. పోయినవారిని తలుచుకోవడానికి మనం తిథి నాడు దీపం పెడతాం. ఆ దేశంలో ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని, మోచేత్తో తిత్తి నొక్కినప్పుడల్లా రౌసమ్‌గారికి అది జరుగుతూనే ఉంది.

ఈసారి మన ఊళ్ళో సన్నాయి విన్నప్పుడు, వాయించినవారిని మెచ్చుకోండి. ఆ తర్వాత, "దీన్ని చేసిందెవరు నాయనా?" అని కూడా ఒక్కమాట అడగండి. ఆ పేరు చెప్పగలిగినన్నాళ్ళూ ఆ విద్యకు దిక్కున్నట్టే.

సెలవు.