అంబాసిడర్ కమాన్ చెప్పే తవారీఖ్

చార్మినార్ దగ్గరున్న నాలుగు ద్వారాలను చార్ కమాన్ అంటాం. ఉర్దూ మీడియం స్కూల్లో మాకు తీర్-కమాన్ అంటే విల్లు, బాణం. తెలుగు డిగ్రీకొచ్చాక కమాను అంటే ఆర్చి అని చదువుకున్నాను. అదే ఫార్సీ లఫ్జ్‌కి గ్యారేజీలో ఇంకో మతలబ్ ఉంది. బండి వెనక బోజా మోసే ఉక్కు పట్టీల దొంతరను మన మెకానిక్కులు కమాన్ కట్ట అంటారు. విల్లుకైనా, ద్వారానికైనా, బండికైనా జాన్ అంతా ఆ వంపులోనే.

ఈ కమాన్ మోటారు కన్నా పాతది. లండన్‌లో గుర్రపు బగ్గీలు చేసే ఒబదయా ఇలియట్ 1804లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. రెండు వంపులు ఎదురెదురుగా కలిపితే కోడిగుడ్డు ఆకారం వస్తుంది. అందులో సగమే మనం లారీల కింద, పాత కార్ల కింద చూసేది. ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3గా పుట్టిన కారు, 1957 నుంచి బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ చేతిలో అంబాసిడర్ అయింది. దాని ముందు చక్రాలకు మెలిపడే టార్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు. 2014లో తయారీ ఆగేదాకా మంత్రులూ అందులోనే తిరిగారు, టాక్సీ సవారీలూ అందులోనే తిరిగారు. మన బారాత్‌లూ అందులోనే వెళ్లాయి.

ముగ్గురు కూర్చునే సీట్లో ఐదుగురు, డిక్కీ నిండా సామాను. ఏళ్ల తరబడి అంత వజన్ మోసిన ఉక్కు అలసి వంపు పోగొట్టుకుంటుంది. వెనక భాగం కుంగితే హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివాడి కళ్లలో పడతాయి. చిన్న గుంతకే ఇరుసు పైకి తన్నుతుంది. చాలామంది వెంటనే షాక్ అబ్జార్బర్లు మార్చేస్తారు. అంబాసిడర్‌లో వాటి పని ఊగిసలాట ఆపడం వరకే. ఎత్తు నిలబెట్టే జిమ్మేదారీ కమాన్‌ది.

ఎత్తు సరిచేయడానికి గ్యారేజీలో ఎక్కువగా మూడు తరీఖాలు నడుస్తాయి. మొదటిది షాకిల్. బరువు పడితే కమాన్ చదునై పొడుగు సాగుతుంది. ఆ సాగుడుకు చోటిచ్చే ఊగే లంకె షాకిల్. దాన్ని ఒక అంగుళం పొడుగు చేస్తే, అది ఒక కొసనే ఉంటుంది కాబట్టి, ఇరుసు దగ్గర దాదాపు అర అంగుళమే లేస్తుంది. మరీ పొడుగైతే బండి పక్కలకు ఊగుతుంది. రెండోది ఇంకో పట్టీ చేర్చడం. బోజా బాగా మోస్తుంది గానీ ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. మూడోదే అసలైన హునర్. కట్ట విప్పి, ఒక్కో పట్టీని చల్లగా ఉండగానే సుత్తితో కొట్టి వంపు తిరిగి తెప్పించాలి. నిప్పు పెట్టి వంచితే ఉక్కు పదును పోతుంది. ఉక్కే అలసిపోయి ఉంటే వంపు మళ్లీ కుంగుతుంది, అప్పుడు కొత్త కట్టే మార్గం.

ఏం చేసినా రెండు వైపులా బరాబర్ చేయాలి. ముందుగా టైర్లలో గాలి సమంగా నింపి, చదును నేల మీద ఖాళీ బండిని నిలిపి, నాలుగుసార్లు వెనక నొక్కి వదలాలి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలవాలి. బండిని ఒక్క జాకీ మీద వదిలి కిందికి దూరొద్దు, గట్టి స్టాండ్లు పెట్టాలి. రబ్బరు బుష్‌ల బోల్టుల చివరి బిగింపు బండి తన చక్రాల మీద నిలబడ్డాకే. లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ చూసుకోవాలి.

ఈ రోజుల్లో పాత అంబాసిడర్ కొని, షాన్ కోసం వెనక భాగం ఎత్తించే నౌజవాన్లను చూస్తున్నాను. షౌక్ తప్పు కాదు. అయితే ఎత్తు మరీ పెరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి బండి వణుకుతుంది. ఎంత ఎత్తు చాలో చెప్పే అందాజా మన ఉస్తాదుల చేతుల్లో ఉంది. షాగిర్ద్ పక్కన నిలబడి చూసి, సుత్తి చప్పుడు విని నేర్చుకున్న ఇల్మ్ అది. మన తవారీఖ్ రాసేవాళ్లం నవాబుల కమాన్ల గురించి పేజీలు నింపాం. మన బస్తీల్లో ఉక్కు కమాన్లు కొట్టిన మెహనతీ చేతుల గురించి ఎంత రాశాం?

ఆ కారు తయారీ ఆగింది. దాని కింద పనిచేసిన బుజుర్గులు మాత్రం ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు. మీ దాదానో, మామూనో గ్యారేజీలో పనిచేసి ఉంటే, ఒక సాయంత్రం చాయ్ ఇచ్చి పక్కన కూర్చోండి. వంపు చాలిందని ఎలా తెలిసేదో అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టుకోండి.