లెక్కకెక్కని నడక



మన చరిత్ర రాసేటప్పుడు బావి గురించి, గుడి గురించి, బడి గురించి రాస్తాం. బండి గురించి తక్కువ రాస్తాం. 1901లో తండ్రి దగ్గరికి బయలుదేరిన చిన్నారి భీమ్‌రావు, తోటి పిల్లలు మసూర్ స్టేషన్‌లో దిగితే, మహర్లని తెలిసి బండివాళ్లు ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగకు ఒప్పుకున్నాడు. అదీ బండి పిల్లలే తోలుకునే షరతు మీద. ఎవరు ఎంత దూరం, దేనిమీద పోతున్నారన్నది మనకు అప్పటినుంచీ కులం ప్రశ్నే.

మరి ప్రభుత్వం ఈ ప్రశ్న ఎవరిని అడిగింది?

2011 జనగణన ఫారంలో ఇంటినుంచి పనిచోటుకు ఎన్ని కిలోమీటర్లు, దేనిమీద పోతారు అన్న ప్రశ్న ఉంది. నడక, సైకిల్, మోటార్ సైకిల్, ఆటో, బస్సు, రైలు, దేనికది విడిగా రాసుకున్నారు. అయితే అడిగింది 'ఇతర శ్రామికుల'ను మాత్రమే. సాగుదారులను, వ్యవసాయ కూలీలను, ఇంటి పరిశ్రమల్లో పనిచేసేవాళ్లను అడగలేదు. 48 కోట్ల మంది శ్రామికుల్లో లెక్కకొచ్చింది 20 కోట్ల మంది. బయట మిగిలినవాళ్లలో 14 కోట్లకు పైగా వ్యవసాయ కూలీలు. దేశంలోని దళిత శ్రామికుల్లో సుమారు 46 శాతం మంది ఈ కూలీలే.

దీన్ని మన ఉదయగిరి, ఆత్మకూరు మెట్టకు తెచ్చి చూడండి. రైలు కావలి, నెల్లూరు, గూడూరు మీదుగా కోస్తా వెంబడే పోయింది. మెట్టకు రోడ్డే దిక్కు. మర్రిపాడు మండలం డి.సి.పల్లిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. అక్కడి గుమాస్తా ఆత్మకూరు నుంచి బస్సులో వస్తే ఆ ప్రయాణం జనగణనకు ఎక్కుతుంది. ఆ పొగాకును చేలో కోసిన అక్క అరుంధతీవాడ నుంచి చీకటితో లేచి నడిచినా, మేస్త్రీ తెచ్చిన ఆటోలో ఇరుక్కుని పోయినా ఆమె గడి ఖాళీయే. ఆటో బాడుగ ఎవరు పెట్టుకుంటున్నారు, దారిలో పోయిన గంటలకు కూలి ఎవరిస్తారు అని అడిగే వీలే లేదు. ఆటో బోల్తా పడ్డ రోజున మాత్రం ఆమె ప్రయాణం పేపర్లో కనిపిస్తుంది.

కూలికి చేను ఇంటి పక్కనే ఉంటుందనుకునేవాళ్లకే ఈ విభజన సబబుగా తోస్తుంది. భూమి లేనివాళ్లు పని ఎక్కడుంటే అక్కడికి పోవాలి.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద మన ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. మంచిదే. కానీ కూలికి పోయే వేళకు వాడ దగ్గరికి బస్సు రావాలి కదా! ఆమె ఏ వేళకు, ఎటు పోతుందో లెక్కలో లేనప్పుడు ఆ బస్సు అడగడానికి మన చేతిలో ఏ కాగితం ఉంది?

2025 జులైలో జాతీయ గణాంక కార్యాలయం కుటుంబాల ప్రయాణాలపై దేశవ్యాప్త సర్వే మొదలుపెట్టింది. అది శాంపిల్ సర్వే. ప్రతి వాడకూ రాదు. 2027 జనగణన ప్రతి ఇంటికీ వస్తుంది, కులం కూడా రాసుకుంటుంది. పనికి పోయే దారి గురించి వ్యవసాయ కూలీలను కూడా అడగాలని ఇప్పుడే గొంతెత్తాలి.

విద్యార్థి మిత్రులు అంతవరకూ ఆగక్కర్లేదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ వాడలో ఎవరు ఏ వేళకు, ఎంత దూరం, దేనిమీద, ఎంత ఖర్చుపెట్టి కూలికి పోతున్నారో ఒక నోటుబుక్కులో రాయండి. మీ అమ్మతో మొదలుపెట్టండి. ఆ పుస్తకం పట్టుకుని డిపో మేనేజర్ దగ్గరికి పోదాం.

జై భీమ్.